గొర్రెలు భయపడని గుడ్డెలుగు

మా షడ్డకుడు పోయాడు. పోయిన నెల ఒక పొద్దున తాండూరులో నా దుకాణం షట్టరు ఎత్తుతుంటే మా మరదలు ఫోన్ చేసింది. "బావా, ఆయన గొర్లదొడ్డి కాడ కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. పిలిస్తే పలుకుతలేడు" అంది. తరువాత ఏడుపే. ఆ ఏడుపు వెనకాల గొర్రెలు ఆగకుండా అరుస్తున్నాయి. పొద్దెక్కినా దొడ్డి తడిక ఎవరూ తీయలేదని నాకు అర్థమైంది. ఎత్తిన షట్టరు మళ్ళీ దించేసి, మా ఆవిడను తీసుకుని ధారూర్ వైపు, వాళ్ళ ఊరికి వెళ్ళే రైలెక్కాను.

షడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. కొన్ని వైపుల తోడల్లుడంటారు. అత్తగారింట్లో ఒకే వరుసలో కూర్చుని, పక్కవాడి పళ్ళెంలో ఎన్ని ముక్కలు పడ్డాయో దొంగచూపులు చూసుకునే చుట్టరికం అది. నేను పెద్దల్లుణ్ణి. అతను చిన్నల్లుడు, వయసులో నాకంటే ఆరేళ్ళు చిన్న. పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చున్నాను, రాస్తాను కూడా. కానీ ముందు ఒక నిజం చెప్పుకోవాలి. అతనంటే నాకు కుళ్ళు. పాతికేళ్ళుగా కుళ్ళు. మనిషి పోతే అదీ పోతుందనుకున్నాను. పోలేదు.

సాగనంపే రోజునే ఆ సంగతి తెలిసిపోయింది. ఊరు ఊరంతా వచ్చింది. అది చాలదన్నట్టు వికారాబాద్ నుంచి బండ్ల మీద కుర్రాళ్ళు వచ్చారు. ఎన్నడో వచ్చిన సినిమాలో తప్ప అతన్ని కళ్ళతో చూడనివాళ్ళు దండలు తెచ్చారు. అందులో ఒకడు నా పక్కన నిలబడి, "పెద్దాయనా, మీరేమైతరు ఆయనకు?" అని అడిగాడు.

"షడ్డకుణ్ణి. ఆ సినిమల నేను గూడ ఉన్న" అన్నాను. అడగని మాట ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

"అవునా! ఏం వేషమేసిన్రు?"

"కాలు."

ఆ పిల్లాడు చావింట్లో నవ్వకూడదని చాలా ప్రయత్నించాడు. చివరికి రుమాలు అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది, పిల్లాడి మీద కాదు, పాడె మీద పడుకున్నవాడి మీద.

ఆ సినిమా సంగతి చెప్పాలంటే నా వీడియో పార్లర్ దగ్గర మొదలుపెట్టాలి. మా నాయనకూ గొర్రెలుండేవి, యాలాల్ పక్కన. ఆయన భుజం మీది గొంగడి వాసన నా బడి చొక్కాకు అంటుతుందని నేను ఆయన పక్కన నడిచేవాణ్ణి కాదు. పెద్దయ్యాక పట్టుబట్టి ఆ మందను అమ్మించి, తాండూరులో రాళ్ళు పాలిష్ పట్టే షెడ్ల వెనక ఒక రేకుల గదిలో పార్లర్ పెట్టాను. ఒక టీవీ, ఒక వీసీఆర్, నాలుగు చాపలు. ఆదివారమైతే నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ళు తలనిండా రాతిపొడితో వచ్చి కూర్చునేవారు. వాళ్ళకు నేను వేసేవి ఒకే రకం సినిమాలు, అడవిలో మనుషుల్ని చంపే జంతువులవి. మొసలి, కొండచిలువ, తోడేలు, ఎలుగుబంటి, ఒకదాంట్లోనైతే కొంగలు.

అవన్నీ చేతిలో పైసా లేకుండా తీసిన సినిమాలు. మొదటి గంటంతా జంతువు కనబడదు. గడ్డి కదులుతుంది, ఎవడో అరుస్తాడు, చెప్పు ఒకటి దొరుకుతుంది. రెండో గంటలో జంతువు బయటికి వచ్చాక ఇంతసేపు ఎందుకు దాచారో తెలుస్తుంది. మొసలి పొట్ట మీద అతుకులుంటాయి, కొండచిలువ లోపల ఎవడిదో మోకాలు ముడుచుకుంటుంది. అయినా నాకవంటే ప్రాణం. అవి ఇంగ్లీషు సినిమాలు. నాకు ఇంగ్లీషు రాదు, చూసేవాళ్ళకూ రాదు కాబట్టి ఇబ్బంది లేదు. టీవీ పక్కన నిలబడి కథంతా నేనే తెలుగులో చెప్పేవాణ్ణి. ఎవడు ముందు చస్తాడో, ఎవడు చివరిదాకా మిగులుతాడో మొదటి ఐదు నిమిషాల్లో చెప్పేసేవాణ్ణి. చెంబు పట్టుకుని పొదల్లోకి వెళ్ళేవాడు ముందు చస్తాడు. ఖాకీ బట్టలవాడు చివరిదాకా ఉంటాడు. తాండూరులో ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

మా షడ్డకుడు పెళ్ళైన కొత్తలో తాండూరు అంగడికి, అంటే వారం సంతకు వచ్చి మొదటిసారి పార్లర్లో అడుగుపెట్టాడు. చాప మీద కూర్చోమంటే కూర్చోలేదు. గడప మీద, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బతికినంతకాలం ఎవరింటికి వెళ్ళినా అతని చోటు గడపే. ఆ రోజు తెర మీద తోడేళ్ళు మనుషుల్ని తరుముతున్నాయి. గదిలో అందరూ బిగుసుకుపోయారు. అతనొక్కడే చప్పరించి, "పాపం" అన్నాడు.

"ఎవరు పాపం?" అన్నాను.

"తోడేలన్నా. డొక్కలు జూడు, ఎట్ల ఈడ్సుకపోయినయో. ఎన్నొద్దులైందో తిని. ఆకలైనదాన్ని పట్టుకొని చెడ్డదంటరా?"

గదిలో అందరూ అతని వైపు తిరిగారు. అతను మొహమాటపడుతూనే తోడేలు ఎలా పొంచి ఉంటుందో, పిల్లల తల్లి అయితే ఎలా ఎదురు తిరుగుతుందో చెబుతూ పోయాడు. నా కథ వినేవాడు లేడు. మరుసటి ఆదివారం ఒక రాతిపనివాడు లోపలికి తల పెట్టి, "నీ షడ్డకుడు రాలేదా?" అని అడిగి, రాలేదంటే వెనక్కి వెళ్ళిపోయాడు. కుళ్ళు పుట్టిన రోజు ఏదని నన్ను అడిగితే ఆ ఆదివారమే అంటాను.

తరువాత కొన్నేళ్ళకు హైదరాబాద్ నుంచి ఒక కుర్ర డైరెక్టరు వచ్చాడు. ఒక వ్యాను, ఒక వీడియో కెమెరా, పదిమంది మనుషులు. అనంతగిరి గుట్టల కింద మనుషుల్ని చంపే ఎలుగుబంటి సినిమా తీస్తాడట. నా దగ్గర అలాంటి క్యాసెట్లు బాగా ఉన్నాయని ఎవరో చెబితే తాండూరు దాకా వెతుక్కుంటూ వచ్చాడు. "మీ దగ్గర నేర్చుకుందామని వచ్చానండీ" అన్నాడు. ఆ మాటకు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు, సంతోషంతో. వారం రోజులు క్యాసెట్లు వేసి చూపించి నాకు తెలిసిందంతా చెప్పాను. చివరికి ధైర్యం చేసి, ఫారెస్టు ఆఫీసరు వేషం నాకివ్వమని అడిగాను. "చూద్దామండీ" అన్నాడు. నేను ఆ సాయంత్రమే బజారుకు పోయి ఖాకీ బట్ట కొని కుట్టడానికి ఇచ్చేశాను.

సినిమాలో ఎలుగు గొర్రెలమంద మీద పడే సీనొకటి ఉంది. మంద కావాలన్నాడు. "మా షడ్డకునికి ఉన్నది సార్, పిలిపిస్త" అన్నాను. నా నోటితో నేనే చెప్పాను. ఆ మాట తలుచుకుని నేను పళ్ళు కొరుక్కోని సంవత్సరం లేదు.

షూటింగు మొదటిరోజు హైదరాబాద్ నుంచి తెచ్చిన ఎలుగు వేషం చూశాం. గోధుమరంగు, మొహం మీద నవ్వు. బడి వార్షికోత్సవాలకు అద్దెకిచ్చేదట. అది వేసుకున్న మనిషి పెళ్ళికొడుకులా నిమ్మళంగా నడిచివచ్చాడు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. మంద పక్కన నిలబడ్డ మా షడ్డకుడు కిసుక్కున నవ్వాడు.

"గుడ్డెలుగు గిట్ల నడువది సారూ."

"మరెట్లా నడుస్తుంది?"

అతను కర్ర కింద పెట్టాడు. తలపాగ విప్పి కర్ర మీద పెట్టాడు. ధోతి పైకి చెక్కుకుని నేల మీదికి వంగాడు. అంతే, అక్కడ మా షడ్డకుడు లేడు. ముందుపాదాలు లోపలికి తిరిగాయి, భుజాలు ఒకటి తరువాత ఒకటి పైకి లేచాయి, తల అటూ ఇటూ ఊగింది. నాలుగడుగులు వేసి ఆగి, ముక్కు ఎత్తి గాలి పీల్చాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. అంగడికి వచ్చినప్పుడల్లా నా గడప మీద చాయి సాసర్లో పోసుకుని తాగే మనిషి. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నాడు డైరెక్టరు.

"కర్ణాటక దిక్కు మేపవోయినప్పుడు ఒకనాడు పొద్దుందాక అదీ నేనూ ఒక్క చెట్టు కాడనే ఉంటిమి సారూ. నేను పైన, అది కింద. ఇంక జూసుడు గాక ఏం పని?"

ఎలుగు వేషం అతనికి పోయింది. తోలు మాత్రం మా అత్తగారింట్లో తయారైంది. నాలుగు పాత నల్ల గొంగళ్ళు తెచ్చి మా మరదలు కుట్టింది. పోగులు బయటికి లాగి, బొచ్చు లేచేదాకా రెండు రోజులు గీకింది. మూతికి సొరబుర్ర, దానికి మసి. గోళ్ళకు టైరు ముక్కలు. పూర్తయ్యాక దాన్ని దండెం మీద వేస్తే మా అత్త కుక్క మొరిగి మొరిగి గొంతు పోగొట్టుకుంది. ఫారెస్టు ఆఫీసరు వేషం డైరెక్టరు దోస్తుకు పోయింది, అతనికి సొంత జీపు ఉందట. నా ఖాకీ బట్టలు సంచిలోనే ఉన్నాయి. "మీకు చాలా ముఖ్యమైన వేషం ఉందండీ. సినిమా మీతోనే మొదలవుతుంది" అని డైరెక్టరు నా చేతిలో చెంబు పెట్టాడు.

చెంబు చూడగానే నాకు అర్థమైంది.

ముఖం కనబడే షాట్లు తీశారు కానీ మబ్బు పట్టి అవి పనికిరాలేదు. చివరికి సినిమాలో మిగిలింది పొదల్లోకి ఈడ్చుకుపోయే నా కుడికాలు ఒక్కటే. ఈడ్చింది మా షడ్డకుడే. కెమెరా నడుస్తుండగా ఆ గొంగడి తల లోపలి నుంచి గుసగుసగా, "అన్నా, వీపుకు రాళ్ళు గుచ్చుతున్నయా? జర మెల్లగ గుంజనా?" అని అడిగాడు. నేను చచ్చిన మనిషిని కాబట్టి జవాబు చెప్పలేదు. రెండోసారి తీసేటప్పటికి ఆ దారిలో రాళ్ళన్నీ ఏరేసి ఉన్నాయి. ఎప్పుడు ఏరాడో తెలియదు. అప్పుడు నాకు కృతజ్ఞత కలగాల్సింది. కలగలేదు. రాళ్ళు ఏరే తీరిక ఎలుగుకు ఎక్కడిదని మనసులో తిట్టుకున్నాను.

చివరి రోజు గొర్రెల సీను. ఎలుగు పొదలోంచి దూకాలి, మంద చెదిరిపోవాలి. డైరెక్టరు చెయ్యి ఊపాడు. ఎలుగు దూకింది. మేస్తున్న గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఎత్తి, చెదరకుండా, నేరుగా ఎలుగు దగ్గరికి నడిచి వచ్చాయి. చుట్టూ మూగాయి. ఒక ముసలి గొర్రె ఎలుగు మోకాలికి తల రుద్దుకుంది.

"గొర్రెల్ని బెదిరించవయ్యా!" అని అరిచాడు డైరెక్టరు. మళ్ళీ తీశారు, మళ్ళీ అదే. దగ్గరగా ఉన్న నాకు మాత్రం వినబడింది. పొదలోంచి లేస్తూనే అతను నాలుక అంగిట్లో కొట్టి టక్ టక్ మంటున్నాడు. మందను నిమ్మళం చేయడానికి కాపరులు చేసే చప్పుడు అది, మా నాయన కూడా చేసేవాడు. దానికి తోడు ఆ తోలంతా అతని గొంగడి వాసన.

నేను వెళ్ళి మందలించాను. "తమ్మీ, నువ్వు చంపవోతున్నవ్ వాటిని. పిలుస్తవేంది?"

సొరబుర్ర మూతి పైకెత్తి, చెమటలు కారుతూ నా వైపు దీనంగా చూశాడు. "ఆపుకుంటున్ననన్నా. గని ఎన్కకెల్లి దుంకంగనే అవి భయపడ్తయ్, వాటి కండ్లల్ల బుగులు కనవడ్తది. అది జూస్తే నాలిక దానంతట అదే కొట్టుకుంటున్నది."

నాలుగోసారీ అంతే. పొద్దు వాలిపోయింది, మరుసటి రోజు కెమెరా హైదరాబాద్ వెళ్ళిపోవాలి. డైరెక్టరు ఉన్నదే పెట్టుకున్నాడు. సినిమాలో నలుగురిని చంపిన ఎలుగుబంటి సాయంత్రం ఎండలో గుట్ట ఎక్కిపోతుంటే, వెనకాల మందంతా వరుసగా ఎక్కుతూ పోతుంది.

సినిమా తాండూరులో వారం కూడా ఆడలేదు. పోస్టరు మీది పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, మా వైపు అందరికీ అది గుడ్డెలుగు సినిమా. మొదటి ఆటకు మా అత్తగారింటివాళ్ళందరినీ నేనే తీసుకెళ్ళాను. నా కాలు రాగానే వెనక నుంచి ఎవడో, "చెప్పు మంచిగున్నది రా" అన్నాడు. గొర్రెల సీను రాగానే హాలు హాలంతా నవ్వింది. నవ్వి నవ్వి, ఎందుకో మెల్లగా ఆగిపోయింది. ఎలుగు గుట్ట మీద ఒకసారి ఆగి, వెనకబడ్డ ముసలి గొర్రె కోసం తిరిగి చూస్తుంది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. మా అత్త కళ్ళు తుడుచుకుంది. నేను చెప్పు సరిచేసుకునే వంకతో కిందికి వంగి కూర్చున్నాను.

ఆ ఏటి పండగకు అత్తగారింట్లో మొదటి పళ్ళెం అతని ముందు పడింది. "గుడ్డెలుగల్లుడు మస్తు అలిసిపోయొచ్చిండు" అంది మా అత్త. పెద్దల్లుడు ఉండగా చిన్నల్లుడికి ముందు వడ్డించిన ఇల్లు మా చుట్టాల్లో అదొక్కటే అయి ఉంటుంది. అతను ఆ పళ్ళెం తీసి నా ముందుకు జరిపాడు. అది ఇంకా మండించింది నన్ను.

పార్లర్లు మూతబడ్డాయి. నేను ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టాను. ఇక ఆ సినిమా పీడ విరగడైందనుకున్నాను. కానీ ఈ మధ్య ఏళ్ళలో ఎవరో ఆ ఒక్క ముక్క కత్తిరించి ఫోన్లలో తిప్పడం మొదలుపెట్టారు. బాగుచేయడానికి నా దగ్గరికి వచ్చిన ఫోన్లలోనే అది కనిపించేది. నా గాజుబల్ల మీద, నా వేళ్ళ కింద, అదే గుట్ట, అదే ఎండ, అదే ఎలుగు. నవ్వుకోవడానికే చూసేవారనుకోండి. అయినా మనిషికి కుళ్ళు పుట్టడానికి పొగడ్తే అక్కర్లేదు. పదిమంది నవ్వుకునే అదృష్టమైనా నా కాలికి పట్టలేదు కదా అని ఏడ్చేవాణ్ణి.

అతను మాత్రం మారలేదు. సినిమా తరువాత ఆ ఎలుగు తోలుకు తల విప్పి దొడ్డి గుంజకు తగిలించాడు. మిగతాది వానలో చలిలో కప్పుకుని గొర్రెల వెంట తిరిగాడు. గొంగళ్ళు మంచివి, పారేస్తామా అనేవాడు. అంగడికి వచ్చినప్పుడల్లా రైలు దిగి తిన్నగా నా దుకాణానికి వచ్చేవాడు. సీతాఫలాల కాలంలో గుట్ట పండ్లు తువ్వాలలో మూటగట్టి తెచ్చేవాడు. గడప మీద కూర్చుని చాయి తాగి, లేచేముందు ఒకే ప్రశ్న అడిగేవాడు. నవ్వుతూ అడిగేవాడు కానీ సాసరు పట్టుకున్న చెయ్యి కదిలేది కాదు.

"అన్నా, ఊకెనే అందరు మంచిగంటరు. వాళ్ళకేం ఎరుక? నువ్వు గన్ని సినిమలు జూసినోనివి. నిజం జెప్పు, నేనెట్ల జేసిన?"

నేను స్క్రూడ్రైవరు తిప్పుతూనే అనేవాణ్ణి: "ఉన్నది తీ. గొర్లు చెడగొట్టినయ్ గని."

"అవునన్నా. గొర్లు చెడగొట్టినయ్" అని ఒప్పుకుని వెళ్ళిపోయేవాడు.

నిజమేమిటో నాకు ఆ మొదటి రోజే తెలుసు. అన్నేళ్ళు అన్ని క్యాసెట్లు వేశాను. ఎన్నో జంతువులు ఎందరినో భయపెట్టాయి. తాను చంపబోయే జీవాలే ప్రేమతో వెంట నడిచిన మృగాన్ని నేను ఏ సినిమాలోనూ చూడలేదు. ఆ డైరెక్టరు కనిపెట్టిందీ కాదు, నేను నేర్పిందీ కాదు. ఆ సినిమా మొత్తంలో పనికొచ్చేది అదొక్కటే, అది మా షడ్డకుడి నాలుక చివర నుంచి వచ్చింది. ఆ సంగతి సరిగ్గా తెలిసి చెప్పగల మనిషి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. అతనికీ అది తెలుసు కాబట్టే నన్నే అడిగేవాడు. ఒక్క మాట. ఇరవై ఏళ్ళు నాలుక చివర పెట్టుకుని ఇవ్వలేదు. అది కూడా ఇచ్చేస్తే నా దగ్గర ఇంకేం మిగులుతుందనిపించేది.

పోవడానికి నెలరోజుల ముందు ఆయాసంగా ఉందంటే చూడటానికి వెళ్ళాను. ఈసారి చెప్పేద్దామనే వెళ్ళాను. రైల్లో మాటలు కూడబలుక్కున్నాను. గొర్రెలదొడ్డి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు, మనిషి సగమైపోయాడు. నన్ను చూడగానే మొహం వెలిగింది. అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు.

"అన్నా, మొన్న పోరగాళ్ళు ఫోన్ల సినిమ మొత్తం పెట్టి చూపెట్టిన్రు. నీ కాలు మస్తుగొచ్చింది" అన్నాడు.

ఎగతాళి అనుకుని చురుగ్గా చూశాను. కాదు. అతనికి ఎగతాళి చేతకాదు.

"నిజమన్నా. గా కాలు అట్లిట్ల కొట్టుకోని, లాస్టుకు యేలు ఒక్కటి కదిలి ఊకుంటది సూడు. ఎన్నడు నీకు చెప్పకపోతి. బుగులంతా గాన్నే ఉన్నది. నీ కాలు లేకుంటే నన్ను జూసి ఎవడు భయపడ్తడు?"

ఆ వేలు కదపడం నా సొంత ఆలోచన. ఎవరూ చెప్పింది కాదు. ఇన్నేళ్ళలో ఎవరూ చూసిందీ కాదు. ఆ క్షణంలో చెప్పాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. అప్పుడు ఏమనిపించిందో సిగ్గు విడిచి చెబుతాను. ఇందులోనూ ఇతను నాకంటే ముందే ఉన్నాడనిపించింది, పొగడటంలో కూడా. "మందులు యాల్లకు ఏస్కో" అని చెప్పి రైలుకు లేచాను. తడిక దాకా వచ్చి సాగనంపాడు.

దినాలు అయిపోయిన మరునాడు సన్నగా వాన పడుతోంది. మందను ఇకమీదట చుట్టాలెవరో మేపుతామన్నారు కానీ వాళ్ళు మరుసటి రోజుకు గానీ రారు. దినాలన్నాళ్ళూ దొడ్లోనే కొమ్మలు నరికి వేశారు, అవి చాలక గొర్రెలు ఆకలితో అరుస్తున్నాయి. ఊళ్ళోవాళ్ళు తోలబోతే తడిక దాటడం లేదు. మా మరదలు నా దగ్గరికి వచ్చి, "బావా, నువ్వు గూడ గొర్లోల్ల ఇంట్ల పుట్టినోనివే గదా. జర ఈ ఒక్కపూట గుట్ట దాక తోల్కపో" అంది. నా వయసు అరవై దాటింది. చిన్నప్పుడు ఒక్కరోజు కూడా మా నాయన మంద వెంట నడవలేదు. ఆ మాట ఆమెతో చెప్పలేకపోయాను.

దొడ్డి గుంజకు, ఆ సొరబుర్ర తల పక్కనే వేలాడుతున్న ఎలుగు తోలు తీసి కప్పుకున్నాను. తడి తగిలి ఉన్ని వాసన గుప్పుమంది. నేను చిన్నప్పుడు పారిపోయిన వాసన. తడిక తీసి ముందు నడిచాను. తోలు చూసో వాసన చూసో గొర్రెలు బయటికి వచ్చి, కొంచెం దూరంగా వెంట నడిచాయి. నాకు లోలోపల గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు. సినిమాలో ఆ సీను తీసిన చోటికి చేరాం. అక్కడ మంద నన్ను దాటి గుట్ట మొదట్లో ఆగిపోయింది. నేను నాలుక అంగిట్లో కొట్టి టక్ టక్ మన్నాను. సరిగా రాలేదు. ఇంకోసారి చేశాను.

గొర్రెలు తలలెత్తి దగ్గరికి వచ్చాయి. ముందున్న గొర్రె తోలు అంచును మూతితో తాకింది, నా చేతిని వాసన చూసింది. చూసి ఊరుకుంది.

"మస్తు జేసినవ్ తమ్మీ" అన్నాను, పైకే. "గొర్లు చెడగొట్టలే. గొర్లతోనే నిలిచింది సినిమ. నాకు ఆనాడే ఎరుకే."

వాన సన్నగా పడుతూనే ఉంది. మందలో ఒక్క గొర్రె కూడా నా మొహం చూడటం లేదు. అన్నీ నా భుజం మీదుగా, ఊరి వైపు నుంచి వచ్చే బాటనే చూస్తున్నాయి. మళ్ళీ కుళ్ళు వచ్చింది. వచ్చి, కళ్ళ నిండా నీళ్ళయింది. ఆ తోలు రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, నేనూ వెనక్కి తిరిగి గొర్రెలతో పాటు ఆ బాట వైపు చూస్తూ నిలబడ్డాను.